బొగ్గుగని నుండి లిస్బన్ దాకా: జాక్ స్టీన్ జీవితం

1967 మే 25, గురువారం. కతోలిక శ్రీసభ ఆనాడు దివ్య సత్ప్రసాద మహోత్సవాన్ని కొనియాడుతున్నది. పోర్చుగల్ రాజధాని లిస్బన్ నగరంలోని దేవాలయాలలో ఆ ఉదయం ఆకుపచ్చ, తెలుపు కండువాలు మెడలో వేసుకొన్న పరదేశీయులు ఎందరో దివ్యబలిపూజలో పాల్గొన్నారు. వారు స్కాట్లాండు దేశపు గ్లాస్గో నగరం నుండి వచ్చినవారు. కొందరు విమానాలలో, మరికొందరు పాత కార్లలో యూరపు ఖండాన్ని దాటుకొని వచ్చారు. ఆ సాయంత్రం నగర శివారులోని జాతీయ క్రీడాస్థలంలో యూరపు కప్పు ఫుట్‌బాల్ అంతిమ పోటీ. ఒకవైపు అప్పటికే రెండుసార్లు ఆ కప్పు గెలిచిన ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్. రెండవవైపు గ్లాస్గో పేదల జట్టు సెల్టిక్.

సెల్టిక్ కతోలికుల క్లబ్బుగా పేరుపడింది. ఆట చూడవచ్చిన అభిమానులలో అధిక భాగం కతోలికులు. కాని ఆ జట్టును అంతవరకు నడిపించుకొని వచ్చిన మేనేజరు మాత్రం కతోలికుడు కాడు. ఆయన పేరు జాన్ స్టీన్. లోకమంతా జాక్ స్టీన్ అని పిలిచింది. ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టిన బొగ్గుగని కార్మికుడు. పాఠకులకు ఈ వారం ఆయన జీవితాన్ని పరిచయం చేయాలని తలచాను.

భూమి అడుగున పదేళ్ళకు పైగా

స్టీన్ 1922 అక్టోబరు 5న గ్లాస్గో సమీపంలోని బర్న్‌బ్యాంక్ అనే చిన్న ఊరిలో జన్మించారు. లానర్క్‌షైర్ జిల్లాలోని ఆ ప్రాంతమంతా బొగ్గు, ఉక్కు పరిశ్రమలే. తండ్రి గని కార్మికుడు. ఆ ఇంట రేంజర్స్ జట్టు పట్ల అభిమానం పుట్టుకతో వచ్చేది. రేంజర్స్ అంటే గ్లాస్గోలో ప్రొటెస్టెంటుల జట్టు, సెల్టిక్‌కు ఆగర్భ శత్రువు. 1937లో బడి మానిన స్టీన్ కొద్దికాలం తివాచీల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ తరువాత తండ్రి బాటలోనే గనిలో దిగారు.

సింగరేణి ప్రాంతపు పాఠకులకు ఆ బ్రతుకు ఎటువంటిదో నేను వివరించనక్కరలేదు. బాయిలో దిగినవాడు సాయంత్రం పైకి వస్తాడో రాడో అని ఇల్లాలు వాకిట నిలబడే బ్రతుకది. పైకప్పు కూలినా, విషవాయువు కమ్మినా పక్కనున్నవాడే దిక్కు. ఆ చీకటిలో పక్కవాడు ఏ దేవాలయానికి పోతాడని ఎవరూ అడగరు. అతడు జాగ్రత్త కలవాడా, మాట తప్పనివాడా అన్నదే ముఖ్యం. స్టీన్ మనుష్యులను తూచే త్రాసు ఆ గనిలోనే తయారయిందని ఆయన జీవితం చూచినవారికి అర్థమవుతుంది.

వారమంతా గనిలో పని, శనివారం ఫుట్‌బాల్. 1942లో ఆల్బియన్ రోవర్స్ అనే చిన్న క్లబ్బులో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమంతా, ఆ తరువాతా ఇదే వరుస. బలిష్ఠుడైన రక్షణ ఆటగాడే గాని గొప్ప నేర్పరి కాడు. 1950లో వేల్సు దేశంలోని లనెల్లీ క్లబ్బు పూర్తికాలపు జీతం ఇస్తామనడంతో గని విడిచి అక్కడికి పోయారు. ఆ సమయంలో స్వస్థలంలోని ఆయన ఇంట్లో రెండుసార్లు దొంగలు పడ్డారు. భార్య భయపడి తిరిగి పోదామన్నది. ఆటకు స్వస్తి చెప్పి మళ్ళీ బొగ్గు తవ్వుకోవడమే మిగిలిందని ఆయన అనుకొంటున్న వేళ, 1951 డిసెంబరులో సెల్టిక్ నుండి కబురు వచ్చింది. ఆ క్లబ్బులో పనిచేసే జిమ్మీ గ్రిబెన్ అనే శిక్షకుడు ఈయనను గుర్తుపెట్టుకొని సిఫారసు చేశాడు. వెల 1,200 పౌండ్లు. రెండవ శ్రేణి జట్టులోని కుర్రవాళ్ళకు పెద్దదిక్కుగా ఉంటాడని మాత్రమే ఆయనను తీసుకొన్నారు.

ఆకలి నుండి పుట్టిన క్లబ్బు

ఇక్కడ సెల్టిక్ పుట్టుక గురించి కొంత చెప్పాలి. 1845 నుండి ఐర్లండులో బంగాళదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. ఆ కరువులోనూ, ఆ తరువాతి దశాబ్దాలలోనూ లెక్కకు మించిన ఐరిష్ కతోలికులు పొట్ట చేతపట్టుకొని గ్లాస్గో చేరారు. నగరపు తూర్పు భాగంలోని మురికివాడలలో తలదాచుకొన్నారు. వారి పిల్లలకు చదువు చెప్పినవారిలో మరిస్టు సభకు చెందిన బ్రదర్ వాల్ఫ్రిడ్ ఒకరు. ఆయనా ఐర్లండువాడే. ఆకలితో వచ్చిన పిల్లవానికి పాఠం ఎక్కదని గ్రహించి, బడిలో పేదపిల్లలకు భోజనం పెట్టే ఏర్పాటు చేశారు. దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు కోసమే 1887 నవంబరు 6న పునీత మరియమ్మ విచారణ హాలులో సమావేశమై ఫుట్‌బాల్ క్లబ్బు స్థాపించారు. మరుసటి సంవత్సరం మే నెలలో తొలి ఆట. ఎదుటి జట్టు రేంజర్సే.

పిల్లల భోజనం కోసం పుట్టిన క్లబ్బు క్రమేణా ఒక జాతికి గౌరవ చిహ్నమయింది. పని దొరకని చోట, ఇల్లు అద్దెకు దొరకని చోట, శనివారం నాటి గెలుపు ఒక్కటే తల ఎత్తుకొనేలా చేసేది. కాని ఏ గౌరవమైనా గోడగా మారే ప్రమాదం ఉంది. అవతలివైపు రేంజర్స్ క్లబ్బు అనేక దశాబ్దాల పాటు తెలిసి తెలిసి కతోలికులను చేర్చుకోలేదు. 1989లో మో జాన్‌స్టన్ చేరికతో గాని ఆ అడ్డుగోడ బహిరంగంగా కూలలేదు. సెల్టిక్ ప్రొటెస్టెంటు ఆటగాళ్ళను మొదటి నుండి చేర్చుకొన్నది. అయినా 1965 వరకు మేనేజరు పదవిలో కతోలికుడే ఉన్నాడు.

అటువంటి క్లబ్బులో స్టీన్ చేరడం బర్న్‌బ్యాంక్‌లో చిన్న విషయం కాలేదు. చిన్ననాటి స్నేహితులు కొందరు ఆయనతో మాట్లాడటం మానివేశారు. ఆయన ఎవరితోనూ తగాదా పెట్టుకోలేదు. పిలుపు వచ్చిన చోట పని చేసుకొంటూ పోయారు.

కాలు విరిగిన కెప్టెన్

దైవచిత్తమే అనాలి, ఆయన చేరిన కొద్దిరోజులకే మొదటి జట్టులోని రక్షణ ఆటగాళ్ళు గాయపడ్డారు. రెండవ శ్రేణి కోసం వచ్చినవాడు మొదటి జట్టులో స్థిరపడి, ఆ తరువాత కెప్టెన్ అయ్యారు. 1953–54లో సెల్టిక్ లీగునూ, స్కాటిష్ కప్పునూ ఒకే సంవత్సరం గెలిచింది. 1914 తరువాత ఆ రెండూ కలిసి రావడం అదే మొదలు. ఆ వేసవిలో క్లబ్బు అధ్యక్షుడు రాబర్ట్ కెల్లీ ఆటగాళ్ళను స్విట్జర్లాండులో జరుగుతున్న ప్రపంచ కప్పు చూడటానికి తీసుకొని వెళ్ళారు. మిగిలినవారికి అది విహారయాత్ర. స్టీన్‌కు అది పాఠశాల. హంగరీ జట్టు ఆట చూచి, ఫుట్‌బాల్ బలంతోనే కాక తెలివితో ఆడేదని గ్రహించారు.

1955లో రేంజర్స్‌తో జరిగిన ఆటలో చీలమండ దెబ్బతిన్నది. అది పూర్తిగా నయం కాలేదు. 1957లో ఆట విరమించారు. బ్రతికినన్నాళ్ళూ కొంచెం కుంటుతూనే నడిచారు. క్లబ్బు ఆయనకు కుర్రవాళ్ళకు శిక్షణ ఇచ్చే పని అప్పగించింది. లిస్బన్‌లో కప్పు పట్టుకొన్న బిల్లీ మెక్‌నీల్ ఆనాడు ఆయన చేతిలో పెరిగిన కుర్రవాడే.

ప్రొటెస్టెంటు అయిన తాను సెల్టిక్‌కు మేనేజరు కాజాలనన్న తలంపు ఆయనకు అప్పట్లో ఉండేదంటారు. 1960లో దిగువశ్రేణికి పడిపోయే స్థితిలో ఉన్న డన్ఫర్మ్లిన్ జట్టును చేపట్టారు. వరుసగా మొదటి ఆరు ఆటలు గెలిచి దానిని నిలబెట్టారు. మరుసటి సంవత్సరమే స్కాటిష్ కప్పు గెలిపించారు. అంతిమ పోటీలో ఓడినది సెల్టిక్! 1963లో ఇటలీకి వెళ్ళి ఇంటర్ మిలాన్ మేనేజరు హెలేనియో హెర్రేరా శిక్షణ పద్ధతులను దగ్గర నుండి చూచి వచ్చారు. ఆ యాత్రలో తోడు వచ్చినది ఒకనాటి రేంజర్స్ ఆటగాడు విల్లీ వాడెల్. నాలుగేళ్ళ తరువాత ఆ హెర్రేరానే లిస్బన్‌లో ఎదురవుతాడని అప్పుడెవరికి తెలుసు?

1964లో హిబర్నియన్ క్లబ్బుకు మారారు. 1965 మార్చిలో సెల్టిక్ తిరిగి పిలిచింది. 1957 తరువాత ఒక్క పెద్ద బహుమతీ లేక డీలాపడిన క్లబ్బు అది. కతోలికుడైన షాన్ ఫాలన్‌తో కలిసి బాధ్యత పంచుకోమని మొదట సూచన వచ్చింది. స్టీన్ ఒప్పుకోలేదు. పూర్తి బాధ్యత ఆయనకే ఇచ్చారు. ఫాలన్ సహాయకుడయ్యాడు. చిన్నబుచ్చుకొనే అవకాశం ఉన్నా ఏళ్ళ తరబడి ఆయనకు కుడిభుజంగా నిలిచాడు. ఫాలన్ అణకువ లేకుండా స్టీన్ విజయం లేదని నా నమ్మకం. ఆ ఏప్రిలులోనే సెల్టిక్ స్కాటిష్ కప్పు గెలిచింది.

ముప్పై మైళ్ళలో పుట్టిన పదకొండుగురు

లిస్బన్‌లో ఆడిన పదకొండుగురూ సెల్టిక్ మైదానానికి ముప్పై మైళ్ళ లోపల పుట్టినవారే. లోకంలోని గొప్ప క్లబ్బులు అప్పటికే పరదేశాల నుండి ఆటగాళ్ళను డబ్బు పోసి కొనితెచ్చుకొంటున్నాయి. స్టీన్ మాత్రం తన చేతికి అందినవారిలోనే ఉన్నదాన్ని వెలికితీశారు.

గోల్‌కీపర్ రానీ సింప్సన్ సంగతే చూడండి. హిబర్నియన్‌లో ఉండగా స్టీనే అతడిని అక్కరలేదని సెల్టిక్‌కు పంపివేశారు. కొన్ని నెలలకు ఆయనే సెల్టిక్ మేనేజరుగా వచ్చేసరికి సింప్సన్ తన పని అయిపోయిందనుకొన్నాడు. కాని స్టీన్ తన పాత తీర్పును ప్రక్కనబెట్టి, కళ్ళెదుట ఉన్న ఆటను చూచారు. 36 ఏళ్ళ వయసులో సింప్సన్ లిస్బన్‌లో గోలు కాచాడు. కట్టుడు పళ్ళు టోపీలో దాచి గోలుపోస్టు ప్రక్కన పెట్టుకొని ఆడేవాడు! అతని తండ్రి ఒకప్పటి రేంజర్స్ ఆటగాడు. సింప్సన్‌తో పాటు గెమ్మెల్, వాలెస్, ఆల్డ్ కూడా ప్రొటెస్టెంటులే. జట్టు ఎంపికలో స్టీన్ ఎవరి జ్ఞానస్నాన పత్రమూ అడగలేదు.

ఆ సంవత్సరం సెల్టిక్ దేశంలోని లీగునూ, రెండు ప్రధాన కప్పులనూ గెలిచింది. యూరపు కప్పులో జూరిచ్, నాంట్, వొయ్‌వొదీనా, ప్రాగ్ నగరపు దుక్లా జట్లను దాటి అంతిమ పోటీకి వచ్చింది. వొయ్‌వొదీనా మీద చివరి నిమిషంలో మెక్‌నీల్ తలతో కొట్టిన గోలే గట్టెక్కించింది.

ఇంటర్ మిలాన్ ఆట తీరు వేరు. ఒక గోలు కొట్టి, ఇంటి తలుపుకు గడియ వేసినట్లు అందరూ వెనక్కు చేరి కాచుకోవడం. ఇటలీవారు దానికి పెట్టిన పేరుకు అర్థమూ గడియ అనే. ఏడవ నిమిషంలోనే సెల్టిక్ ఆటగాడు జిమ్ క్రెయిగ్ ఎదుటివానిని పడవేశాడని రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు. మజోలా గోలు కొట్టాడు. గడియ పడింది.

ఇక అక్కడి నుండి సెల్టిక్ దాడి ఆగలేదు. రెండుసార్లు బంతి గోలు పైకమ్మికి తగిలి వెనుదిరిగింది. ఇంటర్ గోల్‌కీపర్ సార్తీ ఎన్నో బంతులు ఆపాడు. మామూలు జట్టయితే సహనం కోల్పోయేది. 63వ నిమిషంలో దూరం నుండి గెమ్మెల్ కొట్టిన బంతి గోలులో పడింది. ఆ బంతిని అతనికి అందించినది ఎవరో తెలుసా? పెనాల్టీకి కారకుడైన క్రెయిగే. తన తప్పు వల్ల జట్టు వెనుకబడిందని దిగులుపడి అతడు మూలన దాగలేదు. దాగనిచ్చే మేనేజరూ కాడు స్టీన్. 84వ నిమిషంలో మర్డాక్ కొట్టిన బంతిని చామర్స్ దారి మళ్ళించి గోలులోకి పంపాడు. 2–1. యూరపు కప్పు బ్రిటను దీవులకు రావడం అదే తొలిసారి. అభిమానులు మైదానంలోకి వెల్లువెత్తారు. మెక్‌నీల్ ఒక్కడే వేదిక ఎక్కి కప్పు అందుకొన్నాడు. ఎనభై ఏళ్ళ క్రితం ఆకలిగొన్న పిల్లల కోసం విచారణ హాలులో వేసిన విత్తనం అది.

గెలుపు తరువాతి జీవితం

విజయం మనిషిని పరీక్షించినంతగా ఓటమి పరీక్షించదు. 1970లో సెల్టిక్ మళ్ళీ యూరపు కప్పు అంతిమ పోటీకి వెళ్ళి, మిలాన్ నగరంలో డచ్చి జట్టు ఫెయెనూర్ద్ చేతిలో ఓడింది. ఎదుటివారిని తక్కువగా అంచనా వేశారన్న విమర్శ స్టీన్ మీద వచ్చింది. అయినా 1966 నుండి 1974 వరకు వరుసగా తొమ్మిదిసార్లు స్కాటిష్ లీగు గెలిపించారు. మొత్తం మీద ఆయన నాయకత్వంలో సెల్టిక్ పది లీగులు, ఎనిమిది స్కాటిష్ కప్పులు, ఆరు లీగు కప్పులు గెలిచింది.

ఆయన దేవదూత కాడు. మద్యం ముట్టనివాడే గాని గుర్రపు పందేల మోజు విడువలేదు. కోపం వస్తే ఆటగాళ్ళు గోడల ప్రక్కన ఒదిగేవారు. అయినా ఎవరితో ఎలా మాట్లాడాలో ఎరిగినవాడు. పొట్టివాడైన జిమ్మీ జాన్‌స్టన్‌కు విమానమంటే ప్రాణభయం. 1968లో బెల్‌గ్రేడ్ నగరపు రెడ్ స్టార్ జట్టుతో గ్లాస్గోలో ఆట జరుగుతుండగా, నాలుగు గోళ్ళ తేడాతో గెలిస్తే తిరుగు ఆటకు విమానం ఎక్కనవసరం లేదని స్టీన్ మాట ఇచ్చారు. జాన్‌స్టన్ విజృంభించాడు. సెల్టిక్ 5–1తో గెలిచింది. స్టీన్ మాట నిలుపుకొన్నారు.

1971 జనవరి 2న రేంజర్స్ మైదానమైన ఐబ్రాక్స్‌లో రెండు జట్ల ఆట ముగిసి జనం వెలుపలికి పోతుండగా మెట్ల మీద తొక్కిసలాట జరిగి 66 మంది మరణించారు. మరణించినవారు రేంజర్స్ అభిమానులు. గాయపడినవారిని మోసేవారిలో స్టీన్ కూడా ఉన్నారు. గనిలో ప్రమాదం జరిగినప్పుడు చేసే పనే అది. ఈ దుఃఖమైనా రెండు వర్గాల మధ్య ద్వేషాన్ని చల్లార్చాలని ఆయన బహిరంగంగా కోరారు. తన అభిమానులు మతద్వేషపు పాటలు పాడినప్పుడు ఆయన వారినే మందలించిన సందర్భాలున్నాయి. పరాయివాని తప్పు చెప్పడం సులభం. మనవారి తప్పు మనవారికే చెప్పడానికి గుండె కావాలి.

1975 జూలైలో ఘోరమైన కారు ప్రమాదంలో చావు అంచుల దాకా వెళ్ళి, ఏడాది పాటు ఆటకు దూరమయ్యారు. 1978లో సెల్టిక్ ఆయనను మేనేజరు పదవి నుండి తప్పించి, క్లబ్బు ఆదాయం పెంచే పని ఇవ్వజూపింది. అన్ని కప్పులు తెచ్చినవానికి అది తగిన మర్యాదా అని చాలామంది బాధపడ్డారు. ఆయన ఒప్పుకోక, లీడ్స్ జట్టుకు వెళ్ళి రెండు నెలలైనా నిండకముందే స్కాట్లాండు జాతీయ జట్టు బాధ్యత స్వీకరించారు. 1982 ప్రపంచ కప్పుకు జట్టును తీసుకొని వెళ్ళారు. బొగ్గుగనుల కార్మికులు 1984–85లో సమ్మె చేసినప్పుడు ఆయన మనసంతా వారి పక్షానే ఉన్నది.

1985 సెప్టెంబరు 10న వేల్సు రాజధాని కార్డిఫ్‌లో వేల్సు, స్కాట్లాండు జట్ల ఆట. ప్రపంచ కప్పు ఆశ నిలవాలంటే స్కాట్లాండు ఓడకూడదు. ఒక గోలు వెనుకబడి ఉండగా, 81వ నిమిషంలో డేవీ కూపర్ పెనాల్టీని గోలుగా మలిచాడు. కూపర్ రేంజర్స్ ఆటగాడు. సెల్టిక్ మహానాయకుడు బ్రతుకులో చూచిన చివరి గోలు అదే. ఆట ముగిసే వేళ స్టీన్ కుప్పకూలారు. మైదానంలోని వైద్యుల గదిలో ప్రాణం విడిచారు. వయసు 62. ఆ రాత్రి గ్లాస్గోలో ఆకుపచ్చ కండువావారూ, నీలి కండువావారూ కలిసి కంటతడి పెట్టారు.

మనకేమిటి?

ఆట మనస్సుకు విశ్రాంతినిచ్చే మంచి కార్యమని పునీత తోమాసు అక్వినాసు తన గ్రంథంలో తర్కించి చెప్పారు. క్రైస్తవ జీవితాన్ని పరుగుపందెంతో పోల్చడానికి పునీత పౌలు వెనుకాడలేదు. కనుక ఆట గురించి తలంచడం గురువులకు తగని పని కాదు.

ప్రియ పాఠకులారా, మన విచారణలలో పండుగలకు వాలీబాల్, కబడ్డీ పోటీలు పెడుతుంటాము. జట్లు ఎలా ఏర్పడుతున్నాయో ఒకసారి గమనించండి. ఒక పేటవారిది ఒక జట్టు, మరొక కులంవారిది మరొక జట్టు. ఒకే దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించి బయటకు వచ్చి, గంట గడవకముందే గీత గీసుకొని నిలబడతాము. ఆ గీత ఆటస్థలం దగ్గరే ఆగిపోతే మంచిదే. కాని అది సమాధుల తోట దాకా పోతున్నదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కతోలికుల క్లబ్బుకు ఒక ప్రొటెస్టెంటు తన జీవితాన్ని ధారపోశాడు. ఆ క్లబ్బు కూడా అతడిని నమ్మి తన పేరుప్రతిష్ఠలను అతని చేతిలో పెట్టింది. వాల్ఫ్రిడ్ సహోదరుడు భోజనం పెట్టింది ఆకలిగొన్న పిల్లవానికి. స్టీన్ చోటు ఇచ్చింది ఆడగలిగినవానికి. ఆ ఇద్దరూ మనిషిని మనిషిగా చూచారు. ఈసారి విచారణ పండుగకు జట్లు కట్టేటప్పుడు పేర్లు చీటీలు వేసి తీయండి. ఎవరు ఎవరి ప్రక్కన నిలబడతారో దేవునికి వదిలివేయండి. లిస్బన్ అంత దూరం పోనక్కరలేదు. మన దేవాలయ ప్రాంగణం చాలు.